చార్టులో లేని జ్వరం

“చార్టులో జ్వరమే లేదు కదమ్మా. ఇంటికి తీసుకెళ్లండి” అన్నాడు డాక్టరు, కలం మూత తీస్తూ.

అక్కకి కాళ్లు పీకుతున్నాయి. వారంగా ఆస్పత్రే ఇల్లు. మంచం మీద బాలింత చెల్లెలు కుడి పొత్తికడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. నెలలు నిండని పిల్ల పై అంతస్తులో, అద్దాల పెట్టెలో ఉంది. తల్లిని లోపలికి రానిచ్చేది రెండు పూటలే. గోడ పట్టుకుని మెట్లెక్కి పాలిచ్చి వస్తుంది. ఆ కాసేపే అక్కకి కునుకు. పడుకుందంటే పక్కన పిడుగు పడ్డా తెలీదు.

“తెల్లార్లూ ఒళ్లు పెనంలా కాలిందండీ!”

“ఇప్పుడు చల్లగానే ఉందిగా.”

“ఇందాకే నొప్పిమాత్ర వేశారు మరి!”

డాక్టరుకి ఇంకా ఇరవై మంచాలున్నాయి. అయినా నాడి పట్టుకున్నాడు. నొసలు ముడిపడింది.

“నాడి ఉరుకుతోంది. కుడివైపు నొప్పి. ఇన్ని ఇంజెక్షన్లకీ జ్వరం లొంగకపోయుంటే, గర్భసంచి పక్క రక్తనాళం వాచి, అందులో నెత్తురు గడ్డకట్టిందేమోనని ఈపాటికి స్కానుకి పంపేవాణ్ణి. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కదు. కానీ నాలుగు రోజులుగా తొంభై ఎనిమిది దాటలేదే!”

“సిస్టర్ అసలు చూసిందో లేదో” అని గొణిగింది అక్క.

డాక్టరు వెనకే నిలబడ్డ నర్సుకి ఒళ్లు మండింది. “పదిహేనేళ్ల సర్వీసు నాది! చూడకుండా రాసే రకాన్ని కాదు.”

“నాకు ఒక్కసారీ కనపళ్లేదే?”

“నువ్వుంటేగా కనపడ్డానికి! నేనొచ్చినప్పుడల్లా నీ స్టూలు ఖాళీ. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి, గడియారం పెట్టుకోవచ్చు నన్ను చూసి. పాపం, బాలింత నిద్ర చెడుతుందని లేపను కూడా. మొహం మీది దుప్పటైనా తీయను. చంకలో థర్మామీటరు పెట్టి, చూసుకుని పోతా.”

“సరే, సరే” అంటూ డాక్టరు డిశ్చార్జి కాగితం మీద కలం ఆనించాడు.

అక్క చప్పున ఆ చెయ్యి పట్టేసుకుంది. తలెత్తలేక నేల చూస్తూ అంది:

“ఆగండి బాబూ! ఆ ఆరింటికి మా చెల్లి పైన పిల్లకి పాలిస్తుంటుంది... ఈ మంచం మీద ముసుగుతన్ని పడుకునేది నేను.”