నిండు గ్లాసు

ఈసారి కూడా గ్లాసు తొణికింది. కారు వెనక సీటు మీద పడ్డ నీళ్ళను నిఖిల గుడ్డతో తుడిచింది. సెప్టెంబరు నుంచి ఇది పదకొండోసారి. మొదట్లో ఏడుపొచ్చేది, ఇప్పుడు అదీ రావడం లేదు.

కెనడాలో, సస్కటూన్‌లోని శ్రీరాములుగారి షెడ్డులో పాతకాలపు కార్లు బాగుచేస్తారు. 1926 నాటి ఈ టాపులేని కారుకు కుదుపు తగ్గించడం నిఖిల పని. ఇరుసు మీది కమాన్ పట్టీల్లో ఒకటి తీస్తే బండి ఉయ్యాలలా ఊగుతుంది. తిరిగి వేస్తే గుర్రంలా ఎగరేస్తుంది.

"నిండుకుండ తొణకదంటారు. నా బండిలో నిండు గ్లాసు తొణక్కూడదు. రైలు గేటు దాకా పోయిరా. ఆ రోజే నీకు పర్మనెంట్ జాబ్ లెటర్" అని శ్రీరాములుగారు అందరి ముందూ అనేశారు. అసలే మొండిఘటం. అన్నమాట చచ్చినా వెనక్కి తీసుకోరు.

లెటర్ లేకపోతే నిఖిల వర్క్ పర్మిట్ జనవరితో సరి. ఆ ఏడాది ఊరి నిండా మన పిల్లలే. ఇంకో ఉద్యోగం దొరకడం కల్ల.

"నా వల్ల కావట్లేదు అంకుల్. టికెట్ బుక్ చేసుకుంటా." ఆ మాట అంటుంటే బాధ కూడా కలగలేదు. మనసు మొద్దుబారిపోయింది.

ఆయన టీ కప్పు పక్కన పెట్టారు. "జనవరి దాకా ఆగమ్మాయ్. అప్పుడొక్కసారి చూద్దాం. గ్లాసు నేనే పెడతా."

జనవరి రెండో సోమవారం ఆయన ఇంటి నుంచి స్టీలు గ్లాసు తెచ్చారు. "గాజుదొద్దు, పగిలిపోద్ది." బండిని బయట నిలబెట్టి, అంచు దాకా నీళ్ళు పోసి, వెనక సీటు మీద చెక్క కుదురులో పెట్టారు. "ఊఁ, హ్యాండిల్ తిప్పు."

ఇంజన్ అందుకోవాలని బండి ముందున్న హ్యాండిల్‌ని గంటన్నర తిప్పింది. అది దగ్గను కూడా దగ్గలేదు. చలికి చేతి తొడుగుల్లో వేళ్ళు కూడా మొద్దుబారాయి. ఆయన మాత్రం తాపీగా రెండుసార్లు లోపలికెళ్ళి టీ తాగొచ్చారు. చివరికి వంగి డాష్‌బోర్డు కింద ఏదో స్విచ్చి నొక్కారు.

"ఇప్పుడు తిప్పు."

మొదటి తిప్పుకే ఇంజన్ అందుకుంది.

నిఖిల డ్రైవ్ చేసింది. ఆయన వెనక, గ్లాసు పక్కన కూర్చున్నారు. "వెనక్కి చూడకు. రోడ్డు చూడు." దారిలో ఒక్క గొయ్యీ తప్పలేదు. ఆమె ఆశ వదిలేసుకుంది.

తిరిగొచ్చి చూస్తే సీటు పొడిగా ఉంది. గ్లాసు అంచు దాకా నిండుగా ఉంది.

శ్రీరాములుగారు జేబులోంచి మడిచిన కాగితం తీసిచ్చారు. సంతకం ముందే పెట్టి ఉంది.

"నా మాట నిలబడింది" అని లోపలికెళ్ళిపోయారు.

సంతోషం ఇంకా ఆమె దాకా రాలేదు. లెటర్ సంచీలో పెట్టి, నీళ్ళు పారబోద్దామని గ్లాసు బోర్లించింది. అంచు దాకా గడ్డకట్టిన మంచులోంచి ఒక్క చుక్క కూడా రాలలేదు.