వెనక పలక

వడ్రంగి ఒక్క వేలితో నెట్టగానే కొత్త అల్మరా నిలువునా పక్కకి ఒరిగి, మళ్లీ మెల్లిగా వెనక్కి వచ్చింది.

"ఇది అల్మరా కాదురా, ఉయ్యాల," అన్నాడు.

తమ్ముడు నవ్వలేదు. "వెనకవైపు గట్టి చెయ్యాలన్నయ్యా. అందుకే నీ దగ్గరికి తెచ్చాను."

అందుకట! కొనేటప్పుడు మాత్రం అన్న గుర్తుకు రాలేదు. వడ్రంగికి కడుపు మండింది. ఊళ్లో సగం ఇళ్లకి తలుపులూ మంచాలూ చేసిన మనిషి పక్క వాటాలోనే ఉండగా, వీడు బజారుకెళ్లి అట్టపెట్టెలో ముక్కలు కొనుక్కొచ్చి, కాగితం మీది బొమ్మలు చూసి బిగించుకున్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు. వీడి మొదటి చదువుబల్ల ఎవరు చేశారో అడుగుదామనుకున్నాడు గానీ, నోరు ఇంకోటి అడిగింది.

"నాకు చెప్తే చేసివ్వనా?"

"నీకెందుకు శ్రమ అని."

ఆ మాటకి మనసు చివుక్కుమంది. శ్రమ అనేది పరాయివాళ్ల దగ్గర వాడే మాట. వడ్రంగి అల్మరాని వరండాలో బోర్లా పడుకోబెట్టి, వెనక పలక అంచు కింద ఉలి దూర్చాడు. పలక కూడానా అది, అట్టముక్క. గుండుసూదుల్లాంటి మేకులు అడక్కుండానే ఊడొచ్చాయి.

"ఎంత గట్టిగా కావాలి?" అని ముభావంగా అడిగాడు.

తమ్ముడు నేలకేసి చూస్తూ అన్నాడు, "చిట్టి తోసినా కదలకూడదు."

అంతే, వడ్రంగి కోపం సగం దిగిపోయింది. చిట్టి తమ్ముడి కూతురు. ఇంకా బడికి పోని పిల్ల. ఎక్కడ పట్టు దొరికితే అక్కడల్లా ఎక్కుతుంది. ఇలాంటి ఊగుడు అల్మరా దాని మీద పడితే ఇంకేమైనా ఉందా? పాపం, తండ్రికి ఆ భయం ఉండదూ?

వడ్రంగికి పిల్లల్లేరు. ఆ లోటు తెలియనివ్వకుండా చేసింది చిట్టే. అన్నదమ్ములు అద్దెకుంటున్న రెండు వాటాల హాళ్లకీ మధ్యన ఒక గుమ్మం ఉంది. పిల్ల పాకడం మొదలుపెట్టగానే, వేళ్లు నలుగుతాయని ఆ తలుపు రెక్కలు వడ్రంగే ఊడదీసి అటకెక్కించాడు. అప్పట్నుంచీ చిట్టి నిద్ర లేవడం ఆ ఇంట్లో, పళ్లు తోముకోవడం ఈ ఇంట్లో. మొన్నామధ్య అన్నం తింటూ తింటూ పెద్దమ్మని "అమ్మా" అని పిలిచేసింది. వడ్రంగి భార్య కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. అందరూ నవ్వారు. మరదలు కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

"గోడకి కూడా బిగిద్దామా?" అన్నాడు వడ్రంగి. గొంతులో ఇప్పుడు మునుపటి విసురు లేదు.

"వద్దు. గోడకి చిల్లులు పెడితే ఓనరు ఊరుకోడు. దానంతటదే నిలబడాలి."

అయితే పనికిమాలిన సరుకు పెట్టి లాభం లేదనుకున్నాడు. ఒక కిటికీ పని కోసం దాచుకున్న మందపాటి ప్లైవుడ్ బయటికి తీశాడు. అల్మరాని ఒక మూల నుంచి ఎదురు మూలకి, మళ్లీ మిగిలిన రెండు మూలల మధ్యా కొలిచి, వంకర సరిచేశాడు. అంచులకి జిగురు రాసి, పలక పరిచి, జానెడు దూరానికొక స్క్రూ చొప్పున చుట్టూ బిగించాడు. మధ్యలో ప్రతి అరకీ అడ్డంగా ఇంకో వరస వేశాడు. నిలబెట్టి భుజంతో గుద్దితే తన భుజమే నొప్పెట్టింది.

"ఇప్పుడు చిట్టి కాదు, ఏనుగు తోసినా కదలదు," అన్నాడు.

"వెనక రంగు కూడా వెయ్యన్నయ్యా."

"వెనక రంగెందుకురా? చూసేది గోడేగా."

"పచ్చి చెక్కలా ఉంటే బాగుండదు. నీ హాలుకి వేసిన లేతాకుపచ్చ మిగిలిందిగా, అది చాలు."

ఆ రంగు ఎంచినప్పుడు ఆస్పత్రి గోడలా ఉందని వెక్కిరించింది వీడే. ఇప్పుడు వీడికీ నచ్చిందన్నమాట. అన్న దగ్గర దాపరికం దేనికో. వడ్రంగి లోలోపల మురిసిపోతూ రెండు పూతలు వేశాడు. పొద్దున్న అంతలేసి మాటలు మనసులో అనుకున్నందుకు తననే తిట్టుకున్నాడు. రక్తసంబంధం ఎక్కడికి పోతుంది?

తమ్ముడు గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. "అన్నయ్యా..."

"ఏమిట్రా?"

"ఏం లేదు. బాగా చేశావు. రంగు ఆరాక రేపు మేమే తీసుకెళ్తాం."

మర్నాడు వడ్రంగీ భార్యా ఎవరి పనికి వాళ్లు వెళ్లారు. సాయంత్రం ముందుగా అతనే తిరిగొచ్చాడు. చేతిలో చిన్న పీట ఉంది. మిగిలిన ప్లైవుడ్ ముక్కతో చేసింది, చిట్టి తన పక్కన కూర్చోడానికి. వరండాలో అల్మరా లేదు. పట్టుకెళ్లారన్నమాట, అనుకున్నాడు.

హాల్లో లైటు కూడా వెయ్యకుండా కుర్చీలో కూలబడి, పీట అంచులు ఇంకోసారి గరుకుకాగితంతో రుద్దుతూ, "చిట్టీ!" అని పిలిచాడు.

అటు నుంచి చిన్న అడుగులు పరిగెత్తుకుంటూ వచ్చి, ఠక్కున ఆగిపోయాయి.

"పెదనాన్నా, తలుపు తియ్యి."

"తలుపెక్కడుందే, పిచ్చిదానా. వచ్చెయ్," అన్నాడు, పీట మీంచి చూపు తిప్పకుండా.

ఏదో దబదబా చప్పుడైంది.

"తోస్తున్నా పెదనాన్నా. కదలట్లేదు."

వడ్రంగి తలెత్తాడు.

గుమ్మం ఉండాల్సిన చోట, గోడ రంగులో కలిసిపోయి, తాను బిగించిన పలక ఉంది.