అరిగిన పాదం

ఐరాల చర్చిలో మరియమాత బొమ్మ చాలా పాతది. కుడిపాదం మీద రంగు పోయి సుద్ద తేలింది. దానికి రంగులేయడానికి వచ్చిన అంతోని భార్య, చనిపోయిన ఫిలోమిన, ఏళ్ళ తరబడి ముద్దుపెట్టుకున్న చోటు అది.

"తెల్లారితే పండగ, అంతోనప్పా. ఊరికే సూస్తా కూసుంటే రంగు ఆరేదెప్పుడు?" అని చర్చి చూసుకునే ఉపదేశి తాళంచెవి ఇచ్చి వెళ్ళాడు.

అంతోని లోపల గడియ పెట్టుకున్నాడు. చీకటి పడ్డాక, చేయి ఆడకపోయినా, ఆ పాదానికీ రంగు పూసేశాడు. భార్య గుర్తు అదొక్కటే మిగిలింది. దాన్నీ తన చేత్తోనే చెరిపేసుకున్నాడు.

మూలన బ్రష్షు కడిగి వచ్చేసరికి, తడి రంగు మీద పెదవుల అచ్చు ఉంది. గడియ పెట్టినట్టే ఉంది. ఎక్కడా చప్పుడు లేదు.

"పచ్చి రంగు మే, మూతి మండుతాది. తుడుసుకో," అన్నాడు అంతోని, భార్య ఎదురుగా ఉన్నట్టే.

దీపం ఆర్పి, చీకట్లోకి తువ్వాలు చాచాడు. చాలాసేపటికి అవతలి కొస మెల్లగా బిగిసింది.