పక్క డేరా ఆయన

“సోలార్ ప్యానెల్‌ని డేరా లోపల పెట్టుకున్నారేంటండీ?” అంది ఆవిడ, నవ్వు ఆపుకుంటూ.

“బయట ఎండ మండిపోతోంది కదండీ. పాడైపోతుందేమోనని” అన్నాడు పక్క డేరా ఆయన.

“దానికి ఎండ కాక ఇంకేం తగలాలి? వెన్నెలా?”

ఆయన బుర్ర గోక్కున్నాడు. మెడ మీంచి చెమట ధారలు కడుతోంది. పొద్దున చెరువు దగ్గరికి వచ్చీ రాగానే, నేల చదునుగా ఉంది కదా అని ఆరుబయట డేరా వేసేశాడు. మధ్యాహ్నానికల్లా అది కుంపటి అయి కూర్చుంది.

ఆవిడ అలా కాదు. ముందురోజే ఒంటరిగా వచ్చి, నీడ ఎటు పడుతుందో చూసుకుని చెట్ల వరసకి తూర్పున వేసుకుంది. డేరా పైకప్పుకి జానెడు ఎత్తులో తెల్ల దుప్పటి కట్టింది. రెండు వైపులా తెరలు ఎత్తేసింది. చెరువు గాలి ఇటు దూరి అటు పోతోంది. తడిగుడ్డ చుట్టిన కూజాలో నీళ్లు. బ్యాటరీ మీద తిరిగే అరచేతంత ఫ్యాను, దాని ముందు వేలాడుతూ తడి తువ్వాలు. కరెంటు స్తంభం కనుచూపు మేరలో లేని ఆ చోట అంతకు మించిన రాజభోగం లేదు.

“ఫోన్ ఆగిపోయిందండీ. మా అమ్మాయి ఎదురుచూస్తుంటుంది. మీ బ్యాటరీలో కాస్త…”

“ముక్కూ మొహం తెలియని వాళ్లకి కరెంటు ఊరికే ఇవ్వను. ఆ బిందె పట్టుకెళ్లి నీళ్లు తెండి. తువ్వాలు ఆరిపోతోంది.”

ఆయన బిందె ఎత్తుకున్నాడు.

ఇదంతా గట్టు మీంచి చూస్తున్న కాపలాదారు కర్ర ఊపుకుంటూ దిగి వచ్చాడు. డేరాలు వేసుకునే వాళ్ల మంచిచెడ్డలు అతనివే.

“ఏమ్మా, ఆయన ఇబ్బంది పెడుతుంటే చెప్పండి. డేరా పీకించి అవతలి గట్టుకి పంపేస్తాను.”

“ఇబ్బందే. కానీ నీళ్లు బాగా మోస్తాడు. సాయంత్రం దాకా చూద్దాం.”

ఆయన నీళ్లు తెచ్చాడు. కూజాకి చుట్టిన గుడ్డ తడిపాడు, తువ్వాలు తడిపాడు. నీడ జరిగినప్పుడల్లా ఆవిడ వేలు చూపిస్తే, ఆ బ్యాటరీకి తగిలించిన ప్యానెల్‌ని ఎండలోకి జరిపాడు.

“అంత పడుకోబెడితే ఎలా? సూర్యుడికి ఎదురుగా నిలబెట్టండి. బ్యాటరీ మాత్రం నీడలోనే ఉండాలి.”

“ఒకటి ఎండలో, ఒకటి నీడలోనా?”

“సంసారంలాగే. ఒకరు మాడితేనే కదా ఇంకొకరికి చల్లగా ఉండేది.”

ఆయన ప్యానెల్‌ని లేపి నిలబెట్టాడు.

“ఇవన్నీ మీకెలా తెలుసండీ?”

“మా ఆయన ఇన్వర్టర్లు బాగుచేస్తాడు. ఊరందరి ఫ్యాన్లూ తిప్పుతాడు. మా వంటింటి ఫ్యాను మాత్రం మూలుగుతూనే ఉంటుంది. దీపం కింద చీకటి! పోనీ నేనే చూసుకుంటాను, ఎలాగో చెప్పండి అంటే ‘నీకర్థం కాదులే’ అంటాడు. కొట్టుకి వచ్చినవాళ్లకి చెబుతుంటే తలుపు వెనక నిలబడి విన్నాను. అన్నీ అర్థమయ్యాయి.”

“మంచివాడు కాదన్నమాట.”

“చెడ్డవాడూ కాదు. చెవులు లేవంతే.”

ఆవిడ బ్యాటరీ పెట్టెని లోపలికి జరపబోయింది. “ఉండు, నువ్వెత్తకు, నడుం పట్టేస్తుంది” అంటూ ఆయన గబుక్కున అందుకున్నాడు.

“పరాయి ఆడదాన్ని ‘నువ్వు’ అంటారా?”

“నోరు జారిందండీ. మీరు… మీరెత్తకండి.”

చెట్టు చాటున కాపలాదారు కళ్లు చికిలించాడు.

ఆయన పెట్టె సర్దుతూ, తల ఎత్తకుండానే అడిగాడు: “ఫ్యాను నడుస్తూ ఉంటే ఫోన్‌కి చార్జింగ్ ఎక్కడం లేదు. రెండూ ఒకేసారి లాగలేదాండీ ఇది?”

ఆవిడ కాసేపు ఆయన్నే చూసింది. తర్వాత ఎదురుగా చతికిలబడి, పుల్లతో నేల మీద గీసి మరీ చెప్పడం మొదలుపెట్టింది. బ్యాటరీలో ఎంత పడుతుంది, ఫ్యాను ఎంత తాగుతుంది, ఫోను వేడెక్కితే తొడుగు ఎందుకు తీయాలి. ఆయన ఊ కొడుతూ విన్నాడు. మధ్యలో అడ్డు రాలేదు. ఒకచోట ఆవిడ లెక్క తడబడితే, ఆవిడే దిద్దుకునేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. చెప్పడం అయ్యాక, ఆవిడ కూజాలోంచి ఒక గ్లాసుడు నీళ్లు వంచి అడక్కుండానే ఆయన చేతికిచ్చింది. ఇద్దరూ దేనికో పెద్దగా నవ్వారు.

ఇక కాపలాదారు ఆగలేకపోయాడు.

“ఏమండీ పెద్దమనిషీ! ఆవిడ తన మానాన తాను వచ్చింది. ఉదయం నుంచీ చూస్తున్నాను, పచార్లూ, పలకరింపులూ! మీ ఇంటావిడ ఏమైంది?”

“నాతో రావడం ఆవిడకి ఇష్టం లేకపోయిందండీ.”

“ఎందుకుంటుంది! పదండి, డేరా పీకండి.”

“పీకించండి” అంది ఆవిడ. “పీకించి, ఈ చెట్ల కిందికి తెచ్చి నా డేరా పక్కనే వేయించండి. అక్కడుంటే మనిషి ఉడికిపోతాడు.”

కాపలాదారు చేతిలోంచి కర్ర జారింది. “కాలం చెడిపోయింది” అని గొణుక్కుంటూ, మేకులు పీకడానికి కదిలాడు.

పొద్దు వాలుతోంది. చార్జింగ్ ఎక్కిన ఫోన్‌కి ఆవిడ తొడుగు తగిలించి ఆయనకి అందించింది. “మీ అమ్మాయికి చేసుకోండి మరి” అని, లోపలికెళ్లి ఫ్యాను ఆయన వైపు తిప్పింది.

ఆయన నాలుగడుగులు అవతలికి వెళ్లి, వెనక్కొకసారి చూసుకుని, నంబరు నొక్కాడు. అవతల వెంటనే ఎత్తారు.

“నాన్నా, ఏమైంది?”

ఆయన ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“మీ అమ్మ నాతో మాట్లాడిందిరా!”