కాలర్‌లో రాగి గీత

"మళ్ళీ తొడుక్కో," అన్నాడు క్లైవ్.

జోర్కా లైఫ్ జాకెట్ తొడుక్కుంది. దాని కాలర్‌లో గోరు మందం పలక, పలక మీద అచ్చువేసిన రాగి గీత. ఆ గీతే యాంటెన్నా. క్లైవ్ గీసిందే. ఒకే గీత మూడు రేడియో బ్యాండ్లలో పనిచేస్తుంది: ఒకటి ఉపగ్రహానికి కేక వేయడానికి, ఒకటి వెతికే విమానానికి, ఒకటి తానున్న చోటు తెలుసుకోవడానికి.

అచ్చం అలాంటి జాకెట్‌తోనే ఆమె మొగుడు మ్లాడెన్ నిన్న పొద్దున ట్యూనా చేపలు పట్టే పడవ మీంచి సముద్రంలో పడ్డాడు. పోర్ట్ లింకన్ రేవులోని పడవలన్నీ వెతుకుతున్నాయి. జాకెట్ ఒక్క కూతా కుయ్యలేదు.

"ప్రైజు కూడా పుచ్చుకున్నావుగా దీనికి," అంది జోర్కా.

క్లైవ్ మీటరు చూస్తున్నాడు. పంపిన శక్తిలో యాంటెన్నా ఎంత తీసుకుందో, ఎంత వెనక్కి కొట్టిందో అది చెబుతుంది. మూడు బ్యాండ్లలోనూ దాదాపు అంతా వెనక్కే.

"విప్పు."

విప్పి బల్లమీద పెట్టింది. వెనక్కి రావడం ఆగిపోయింది.

"ఇప్పుడు బాగుందా?"

"బాగుంది. ఇంపీడెన్స్ కుదిర్చింది, అంటే శక్తి వెనక్కి కొట్టకుండా సరిచేసింది, బల్లమీదే. మనిషికి తొడిగి చూడలేదు."

"మరి ఎవరికి తొడుగుదామనుకున్నావు, చేపలకా?"

క్లైవ్ రాగి గీత మీద వేలు పెట్టాడు. "ఒక కాయిలు, ఒక కెపాసిటరు. ఆ రెండూ మారిస్తే సరిపోయేది."

"మార్చు మరి."

"మార్చాల్సింది ఇక్కడున్నదాన్ని కాదు."

జోర్కా స్టూలు మీద కూలబడింది. ఉన్నట్టుండి తలెత్తింది.

"అయితే వాడి జాకెట్ పలకనిది మావాడు పోయినందుకు కాదు. నీ తెలివితక్కువతనం వల్ల."

"నా తెలివితక్కువతనం వల్లే."

"నిన్నట్నుంచి ఇంత మంచిమాట ఎవరూ చెప్పలేదయ్యా!" ఏడుస్తూనే నవ్వింది. "ఆ బొజ్జకి జాకెట్ కూడా ఎందుకు, ఊరికే తేలతాడు."

కూత కోసం కూర్చోవద్దు, విమానాన్ని కిందికి దించి కళ్ళతో వెతకండి అని చెప్పడానికి క్లైవ్ ఫోను తీశాడు. నంబరు నొక్కేలోపే అది మోగింది. వెతికించే ఆఫీసరు. గొంతు గది దాటి వినిపించింది.

"క్లైవ్, పలికిందయ్యా నీ జాకెట్! ఉపగ్రహానికీ వినిపించింది, విమానానికీ వినిపించింది. గంట కొట్టినట్టుంది. చోటు కూడా తెలిసింది, పడవ బయల్దేరింది."

జోర్కా క్లైవ్ బట్టతలని రెండు చేతులా పట్టుకుని ముద్దుపెట్టుకుంది.

"తిట్టినందుకు ఏమనుకోకు. నీ గీత మంచిదే! పొడిబట్టలు తేవాలి, సూపు పెట్టాలి, వాడికి చలి అసలు పడదు."

ఆమె పరిగెత్తింది. వీధి మలుపు తిరిగేదాకా ఎవరు కనబడితే వాళ్ళకి కేకేసి చెబుతూనే ఉంది. ఫోనులో ఆఫీసరు ఇంకా అభినందిస్తున్నాడు. క్లైవ్ బల్లమీద ఖాళీగా పడున్న జాకెట్ వైపు చూశాడు.

ఒంటిమీద ఉన్న జాకెట్ అలా పలకదు.