వెనకాల వస్తున్నారు

"పోయినేడు ఇదే నెలలో వచ్చింది. నీలం కోటు. పక్కన ఒకడుండాలి. వాడెలా ఉంటాడు?"

లాడ్జి యజమానురాలికి ఆ అడిగే తీరు నచ్చలేదు. అయినా ఫోనులో ఫొటో చూసి గుర్తుందంది. ఇద్దరికని గది తీసుకున్నారు, రెండో మనిషిని మాత్రం తను చూడలేదు, "మావారు వెనకాల వస్తున్నారు" అన్నారని చెప్పింది.

"మావారట." అతను బావమరిది వైపు తిరిగాడు. "విన్నావా మీ అక్క మాట?"

బావమరిది హెల్మెట్ పట్టీ విప్పుకుంటూ నేల చూశాడు.

అతను మోటార్లకి తీగ చుట్టే మెకానిక్. భార్య పోయి ఆరు నెలలు. ఆమె బీరువాలో చీరల అడుగున ఒక కాగితం దొరికింది. కరెంటు సైకిళ్ళ మీద నాలుగు రోజుల కొండ యాత్ర. మూడు కనుమలు, రెండు సైకిళ్ళు, ఇద్దరు మనుషులు. తోటి టీచరుతో వెళ్తున్నానని చెప్పి వెళ్ళిన యాత్ర అది. ఆ టీచరమ్మని నిలదీస్తే, తను సైకిలెక్కి ఇరవై ఏళ్ళయిందంది. ఆ సాయంత్రమే అతను గోడ మీది భార్య ఫొటో తీసి మంచం కిందికి తోశాడు.

యాత్రల కంపెనీవాళ్ళు వచ్చిపోయినవాళ్ళ వివరాలు ఇవ్వడం కుదరదన్నారు. అందుకే అదే యాత్రకి బయల్దేరాడు. వాడి పేరు కావాలి. దొరికితే వాడి గుమ్మంలో నిలబడి, వాడి పెళ్ళాం బిడ్డలు వినేలా అడగాలి. బావమరిది తోడొచ్చింది బావ మీద ప్రేమతో కాదు. ఏం అఘాయిత్యం చేస్తాడోనని.

రెండో రోజు మొదటి కనుమ ఎక్కేటప్పుడు అతను మోటారుని పై నంబరులోనే పెట్టి తొక్కాడు. కోపానికి తొక్కుడు చాలలేదు. కనుమ ఇంకా రెండు మలుపులుందనగా బ్యాటరీ అయిపోయింది. దిగి తోయాల్సి వచ్చింది.

"మోటార్లు చుట్టేవాడివి. ఆమాత్రం తెలీదా బావా?"

"నోరు మూసుకుని తొయ్యి."

తోస్తూనే అతను చెప్పాడు. ఈ యాత్రకి ఆమె మొదట తననే రమ్మందట. కొట్టు మూసుకుని కొండలు తిరగడానికి నాకేమైనా పిచ్చా అన్నాడట. మళ్ళీ ఆ మాట ఎత్తలేదట.

"ఎందుకెత్తుతుంది? ఇంకొకడు దొరికాడుగా."

ఆ రాత్రి దిగిన చోట బ్యాటరీలు ఛార్జింగ్‌కి పెట్టే అల్మరా ఉంది. మేనేజరుకి ఆమె బాగా గుర్తుంది. గది నంబరు రాసిన చీటీలు రెండు బ్యాటరీలకీ తనే అతికించుకుందట.

"రెండు బ్యాటరీలంటే రెండు బళ్ళు. రెండు బళ్ళంటే ఇద్దరు," అన్నాడతను.

ఒకటి స్పేరు అయ్యుండొచ్చని బావమరిది నసిగాడు. కంపెనీవాళ్ళ సామాన్ల వ్యాను ఎలాగూ రాత్రికి చేరుతుంది కదా, అందులో వేయించుకుని ఉంటుందన్నాడు.

"మీ అక్కని గంగలో ముంచి తీసినట్టు మాట్లాడకు."

మూడో రోజు లోయలో, రోడ్డు పక్క హోటల్లో తిన్నారు. వంటావిడ ఫొటో చూడగానే నవ్వింది. భోజనం రెండు పొట్లాలు కట్టించుకుందనీ, పోయేదాకా ఏదో కూనిరాగం తీస్తూనే ఉందనీ చెప్పింది. వాళ్ళాయన గురించి అడిగితే, "వస్తారు, ఆయనకి కాస్త ఆలస్యం" అందట.

అతను చెయ్యి కడిగేసుకుని బయటికొచ్చాడు. "కూనిరాగమట. ఇంట్లో ఒక్కనాడు పాడగా వినలేదు నేను."

"నువ్వు పాడనిస్తేగా."

"ఏమన్నావ్?"

బావమరిది ఈసారి నేల చూడలేదు. "పద్దెనిమిదేళ్ళు మా అక్క నీకు అన్నం పెట్టి, నీ తిట్లు తింది. మా అక్క అలాంటిది కాదు. ఒకవేళ అలాంటిదే అయితే, ఆ నాలుగు రోజులు నవ్వించినవాడికి నేను దండం పెడతాను."

అతను బావమరిది కాలరు పట్టుకున్నాడు. వంటావిడ గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది. వదిలేశాడు. ఆ రోజంతా ఇద్దరి మధ్యా ఒక మలుపు దూరం.

నాలుగో రోజు ఆఖరి కనుమ. పైన మంచు మొదలయ్యే చోట రాతిగోడల కాపలా గది. అక్కడ వాతావరణం గంటకోలా మారుతుంది. అందుకని దాటే ప్రతివాళ్ళూ పుస్తకంలో పేరు రాయించుకోవాలి. అవతలికి చేరకపోతే ఎవరికోసం వెతకాలో తెలియాలి కదా. కాపలా మనిషి ముసలాయన. ఇద్దరి గుర్తింపు కార్డులూ అడిగి తీసుకున్నాడు.

"పోయినేటి పుస్తకం ఉందా?" అన్నాడతను.

ఉందిగానీ చూపించకూడదన్నాడు ముసలాయన. అతను భార్య పేరూ, తేదీ చెప్పాడు. ఆమె చచ్చిపోయిందని కూడా చెప్పాడు. ముసలాయన కాసేపు అతని మొహం చూసి, లేచి, అరమీంచి పాత పుస్తకం దించాడు.

బావమరిది అడ్డం వచ్చాడు. "వద్దు బావా. తెలుసుకుని ఏం చేస్తావు? అక్కే లేదు."

"మీ అక్క లేదు. వాడున్నాడు. వాణ్ణి వదిలిపెట్టను."

ముసలాయన పేజీ తీశాడు. వేలు ఒక వరస దగ్గర ఆగింది. కింది వరసకి దిగింది. ఆయన బల్ల మీదున్న కార్డు తీసి చూశాడు, మళ్ళీ పుస్తకం చూశాడు.

"రెండో పేరు చదవండి," అన్నాడతను పళ్ళు బిగించి.

"మీ పేరే ఉందండీ. పక్కన ‘వెనకాల వస్తున్నారు’ అని రాయించారావిడ."