బాబాయి ఎవరి తరఫు?

"నాన్న పెట్టిన కుర్చీల దుకాణం అమ్మేద్దాం. ఇక నా వల్ల కాదు," అని అన్నయ్య తమ్ముడికీ, చెల్లెలికీ, ఆమె భర్తకూ మెయిల్ కొట్టాడు.

"నా వాటా నా చేతిలో పడ్డాకే అమ్ము," అని తమ్ముడి జవాబు.

"ఇద్దరికీ సిగ్గులేదు," అని ఇద్దరి మధ్యా పుట్టిన చెల్లెలి జవాబు.

అంతే, అంటుకుంది. ఆ మెయిళ్ళ వేడికి కంప్యూటరు పక్కన చల్లారిన కాఫీ మళ్ళీ పొగలు కక్కిందంటే నమ్మాలి మరి!

మధ్యలో ఒక పెద్దాయన మాట కలిపేవాడు. పేరు రాసేవాడు కాదు.

"తిట్టుకోండి నాయనా, తప్పులేదు. ఇంతకీ అన్నాలు తిన్నారా?"

ఇంకోసారి, "కుర్చీలమ్మేవాళ్ళు, ముగ్గురూ ఒకచోట కూర్చోలేరూ?"

చెల్లెలి అత్తింటివాడని అన్నయ్య అనుకున్నాడు. తమ్ముడి మామగారి తరఫని చెల్లెలు అనుకుంది. వదిన తరఫని తమ్ముడు అనుకున్నాడు. చుట్టాన్ని పట్టుకుని నువ్వెవరని అడిగితే ఏం బాగుంటుంది? ముగ్గురూ "బాబాయ్" అనేసి ఊరుకున్నారు.

ఒకరోజు బాబాయి రాశాడు: "పెద్దోడా, నువ్వే ఒక మెట్టు దిగు."

అన్నయ్యకు ఒళ్ళు మండింది. "మా ఇంటి గొడవలో మీ పెత్తనం ఏమిటండీ?" అని రాసి, ఆయన చిరునామా తీసిపారేశాడు.

నవ్వించేవాడు పోయాక తిట్లు కూడా చప్పబడ్డాయి.

చివరికి చెల్లెలే రాసింది: "ఆదివారం దుకాణం షట్టరు నేను ఎత్తుతున్నా. వస్తే రండి, లేకపోతే మానండి."

ఇద్దరూ వచ్చారు. తలా ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పొద్దుగూకేవరకూ లేవలేదు. అమ్మకం మాట ఆగిపోయింది. గోడలకు కొత్త రంగు పడింది.

"దుకాణం మళ్ళీ తెరిచే రోజున బాబాయిని పిలవాలిరా," అన్నాడు అన్నయ్య నేల చూపులు చూస్తూ. "నేనే నోరు జారాను."

మెయిల్ పంపాడు. ఆ చిరునామా ఇప్పుడు లేదంటూ అది తిరిగొచ్చింది.

"చెల్లీ, ఎక్కడుంటారో మీ అత్తగారిని అడగవే."

"మా అత్తగారినా? ఆయన తమ్ముడి మామగారి తరఫు కాదూ?"

"మా మామగారి తరఫా!" తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. "ఆ వంశంలో నవ్వే మనిషి పుట్టలేదక్కా! వదిన వాళ్ళ చుట్టం కదూ?"

పక్కనే కుర్చీలు తుడుస్తున్న వదిన తల అడ్డంగా ఊపింది.

చెల్లెలు కంప్యూటరు ముందు కూర్చుంది. కోపమొచ్చినప్పుడల్లా ఒక్కొక్కరూ కొత్త మెయిల్ మొదలుపెట్టారేమో, ఒక్క గొడవ వంద ముక్కలై చెదిరి ఉంది. ఏ మాటకు ఏది జవాబో చూసుకుంటూ, అన్నిటినీ ఒకే దారానికి గుచ్చుకుంటూ మొదటిదాకా వెళ్ళింది.

"అన్నయ్యా, మొదటి మెయిల్లోనే మా ఆయన చిరునామాలో ఒక అంకె తప్పు కొట్టావు."

"అందుకా బావ నోరెత్తలేదు!" అన్నాడు తమ్ముడు.

"దాని కిందే ఒక జవాబుంది. మన తిట్ల హడావిడిలో ఎవరూ తెరవలేదు."

"చదువు," అన్నాడు అన్నయ్య.

ఆమె నెమ్మదిగా చదివింది:

"బాబూ, ఇది పొరపాటున నాకొచ్చింది, నేను మీకేమీ కాను, కాకపోతే మా అన్నా నేనూ ఇలాగే తెంచుకున్న రోజున, మధ్యలో అడ్డుపడే పరాయివాడు ఒక్కడూ లేకపోయాడు."